అకయితి కత్తెర ఆగిన ఎనిమిది నెలలు

అయితుతాకి దీవిలో తౌతు ఊరి ఆడవాళ్ళు తివైవై దుప్పటి కుట్టాలనుకుంటే గుడ్డ తీసుకుని ముందు అకయితి ఇంటికి వెళ్ళేవారు. కుట్టడం అందరికీ వచ్చు. కోయడం మాత్రం ఏ ఊళ్ళోనైనా ఒకరిద్దరికే వస్తుంది. మంచమంత గుడ్డను ఎనిమిది మడతలు పెట్టి, గీత కూడా గీయకుండా కత్తెర నడిపించి, మడతలు విప్పితే ఒకే ముక్కగా పువ్వులూ ఆకులూ పరుచుకోవాలి. ఆ ముక్కను ఇంకో రంగు గుడ్డ మీద పరిచి, అంచులు మడిచి కుడతారు. అకయితి కోసేటప్పుడు నేల మీద మోకాళ్ళపై కూర్చునేది. చుట్టూ ఉన్నవాళ్ళ కబుర్లు వాటంతటవే ఆగిపోయేవి.

ఇరవై నాలుగేళ్ళ వయసులో మొదలుపెట్టి ముప్పై మూడేళ్ళలో ఆమె నూటికి పైగా కోసింది. ఇంట్లో మిగిలినవి రెండే. మిగతావన్నీ పెళ్ళిళ్ళకు, మగపిల్లల తొలి జుట్టు తీసే పండగలకు, దూరం నుంచి వచ్చిన చుట్టాలకు వెళ్ళిపోయాయి. చాలావాటిని చనిపోయినవాళ్ళకు చుట్టి పాతిపెట్టారు.

ఆమె యాభై ఏడో ఏట, సముద్రం అవతల ఆక్లండ్ నగరంలో ఒక ప్రదర్శన పెట్టినవాళ్ళు, అక్కడున్న ఆమె మేనకోడలి పెళ్ళి దుప్పటిని అడిగి తీసుకున్నారు. తెలుపు మీద ఎరుపు, సీమపనస ఆకులు. ప్రయాణం ఖర్చులిచ్చి అకయితిని కూడా పిలిచారు. ఆమె వెళ్ళింది. తన దుప్పటి గోడకు వేలాడుతుంటే, పైనుంచి దీపాలు పడుతుంటే, ముక్కూముఖం తెలియనివాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు నిలబడ్డారు. ఒకావిడ వచ్చి దీని అర్థమేమిటని అడిగింది.

"సీమపనస ఆకండీ," అంది అకయితి.

పత్రికలో ఫొటో వచ్చింది. కుట్టుపని సంఘం పెద్ద నూరోవా దాన్ని చట్రంలో పెట్టి చర్చి హాల్లో తగిలించింది. అందరూ సంతోషించారు. అకయితి కూడా సంతోషించింది.

తిరిగొచ్చాక మొదటి గుడ్డ మీద కత్తెర పెట్టగానే ఇది గోడమీదదానిలా వస్తుందా అని అనిపించింది. ఇంతకుముందు ఎన్నడూ ఆమెకు అలాంటి ఆలోచన రాలేదు. నెమ్మదిగా, జాగ్రత్తగా కోసింది. విప్పి చూస్తే ఆకులు ఇస్త్రీ చేసినట్టున్నాయి, ప్రాణం లేదు. ఆడవాళ్ళు బాగుందన్నారు. ఆ మాటతో ఆమె భయం ఇంకా పెరిగింది. ఆ తర్వాత వచ్చిన గుడ్డను రెండు వారాలు బల్ల మీద ఉంచుకుని, భుజం నొప్పని తిప్పి పంపేసింది. ఇంకోసారి కళ్ళు మసకేస్తున్నాయంది. కత్తెరను బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేసింది.

"భుజం నొప్పన్నావు, అరటిగెల మాత్రం ఎత్తుకొచ్చావే," అన్నాడు భర్త తువాకనా.

"అది వేరే భుజం," అంది ఆమె.



ఊరివాళ్ళు ఆగలేదు. అమురి ఊళ్ళో ముప్పై ఏళ్ళ అమ్మాయి ఒకతె బాగా కోస్తుందని అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టారు. దుప్పట్లు విప్పి చూపించే రోజున అకయితి కూడా వెళ్ళేది. వెనక బల్ల మీద కూర్చుని ఆ అమ్మాయి కోతలో తప్పులు లెక్కపెట్టేది. ఇంటికొచ్చాక తన మీద తనకే అసహ్యం వేసేది. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఆమెకు పని నేర్పింది పిన్ని తెపయేరు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, చూపు దాదాపుగా పోయింది. ఆ చలికాలం ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కొన్ని వారాలకు మించి కష్టమని డాక్టరు చెప్పి వెళ్ళాడు. పిన్ని కబురు పెడితే అకయితి చేమదుంపలు, కొబ్బరిపాలలో నానబెట్టిన చేప పట్టుకుని వెళ్ళింది.

"తిండి తర్వాత. నన్ను చుట్టడానికి గుడ్డ కావాలే. కోసిపెట్టు," అంది పిన్ని.

"అమురి అమ్మాయి బాగా కోస్తోంది పిన్నీ."

"ఆ అమ్మాయికి నేను ముక్కు తుడిచానా? నీకు తుడిచాను."

అకయితి తెచ్చిన గిన్నె కింద పెట్టి, "చేతికి రావట్లేదు," అంది.

"ఎప్పట్నుంచి?"

"ఆక్లండ్ నుంచి."

ముసలమ్మ దగ్గు తెరలోంచే నవ్వింది. "ఆ ఎర్రదేగా? నువ్వు కోసినప్పుడే చూశాను, అప్పటికి కళ్ళున్నాయి. ఎడమ మూల కాడ మరీ సన్నం."

అకయితి ముఖం ఎర్రబడింది. ఆ కాడ సంగతి తనకొక్కదానికే తెలుసనుకుంది. గోడ ముందు నిలబడ్డప్పుడు ఆమె కళ్ళు ముందు అక్కడికే వెళ్ళాయి.

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎందుకు చెప్పాలి? దుప్పటి బాగుంది. కాడ సన్నం. రెండూ నిజమే. ఒకటుంటే ఇంకోటి ఉండకూడదా?" కాస్త ఊపిరి తీసుకుంది. "సరే, నేను కోసినవి ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"సగం మట్టిలో ఉన్నాయి."

"వాటిలో పడుకున్నవాళ్ళెవరైనా లేచొచ్చి బాగాలేదన్నారా?"

"ఛీ, ఏం మాటలు పిన్నీ!"

"మరి దేనికే భయం? మా అక్క, అదే మీ అమ్మ, పోయాక నాకూ ఏడాది పాటు ఆగిపోయింది. నీకు తెలీదు, చెప్పలేదు. రోజూ పొద్దున్న పాత కాగితాలు కోసేదాన్ని. బాగున్నా, బాగాలేకున్నా, మధ్యాహ్నం లోపు పొయ్యిలో పడేసేదాన్ని. నువ్వూ అలా చెయ్యి. ఎవరికీ చూపించకు. నేను ఆలోగా పోతే పోతాను, ఏదో పాత దుప్పట్లో చుట్టండి."

మర్నాడు పందులకు కొబ్బరికాయలు కొట్టివేశాక అకయితి పాత పత్రిక ఒకటి మడతపెట్టింది. మొదటి కోత ఘోరంగా వచ్చింది. పొయ్యిలో పడేసింది. నాలుగో రోజున ఒకటి చక్కగా వచ్చింది. దాన్ని కాల్చడానికి చేతులు రాలేదు. బల్ల మీద పెట్టి మూడుసార్లు చూసుకుంది, చివరికి కళ్ళు మూసుకుని వేసేసింది. మర్నాటికి అదెలా ఉందో గుర్తు లేదు, కోసిన చెయ్యి మాత్రం తేలికగా ఉంది. పంతొమ్మిదో రోజున పీతలాంటిది ఏదో వస్తే ఒక్కతే పకపకా నవ్వింది. ఆ పొద్దున ఆక్లండ్ గోడ గుర్తుకే రాలేదని మధ్యాహ్నం ఎప్పుడో తోచింది.

అప్పుడు పసుపు గుడ్డ, ఊదా గుడ్డ తీసుకుని పిన్ని ఇంటికెళ్ళి, ఆమె మంచం పక్కనే నేల మీద కూర్చుంది. ఊదా గుడ్డ మడిచి మందారాలు మొదలుపెట్టింది. సగం దాకా బాగానే సాగింది. ఒక మలుపులో కత్తెర జారి రేకను కొరికేసింది.

"చప్పుడు ఆగిందేం?" అంది పిన్ని.

"రేక తెగింది."

"ఎంత?"

"వేలెడు."

"ఎనిమిది మడతల్లోనూ తెగింది కదా?"

"తెగింది."

"అయితే పువ్వుపువ్వుకీ అక్కడే తెగి ఉంటుంది. అది తప్పని ఎవరు చెప్పగలరు? కోయి."

అకయితి ఆ తెగిన చోటును కాసేపు చూసింది. తర్వాతి రేకను దానికి తగ్గట్టు వంపు తిప్పింది. ఆకుల్ని కూడా అటే ఒరిగించింది. విప్పితే, గాలి కొట్టినట్టు మందారాలన్నీ జంటజంటగా ఒకదాని వైపు ఒకటి వాలి ఉన్నాయి. ఈ వాలు ఆమె కోతల్లో ముందెప్పుడూ లేదు. పిన్ని వేళ్ళతో అంచులన్నీ తడిమింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆకలేస్తోందంది.

సంఘం ఆడవాళ్ళు నాలుగు నెలలు కూర్చుని కుట్టారు. అది పూర్తయ్యేసరికి తెపయేరు లేచి కూర్చుంది. డాక్టరు లెక్క తప్పింది. చుట్టడానికని కుట్టిన దుప్పటిని ఆమె మూడేళ్ళు కప్పుకుంది. నెలకోసారి ఉతికించి, చర్చికి పోయే దారి పక్క తాడు మీద ఆరేయించేది. కొరికిన రేకలను ఊరంతా చూసింది. ఇదేం పువ్వని అడిగినవాళ్ళకు ముసలమ్మ ఒక్కోసారి ఒక్కో పేరు కల్పించి చెప్పేది. మొదటి నెల అకయితి ఆ దారి మానేసి వెనకదారిన చర్చికి వెళ్ళింది. రెండో నెల మామూలు దారినే వెళ్ళింది.

మళ్ళీ ఇంటికి గుడ్డలు రావడం మొదలైంది. కాగితం కోత మాత్రం ఆమె మానలేదు. నూరోవా ఆ ఫొటో తీసేయమంటావా అని అడిగితే, "ఉండనీ, గోడకున్న చిల్లు కనబడకుండా ఉంది," అంది. ఒకరోజు బండి మీద అమురి వెళ్ళి, ఆ అమ్మాయి కోసే క్రోటన్ ఆకు మెలిక ఎలా వస్తుందో చూపించమని అడిగింది. ఆ అమ్మాయి కంగారుపడి ముందు కుర్చీ వేసింది, తర్వాత చూపించింది. అకయితికి ఆ మెలిక మూడు వారాలకు గానీ పట్టుబడలేదు.

తెపయేరు ఒక వాన రోజున నిద్రలోనే పోయింది. అకయితి దుప్పటి పరిచి, పిన్నిని పడుకోబెట్టి, నాలుగు అంచులూ లోపలికి మడిచింది. తన కోతల్లో ఇదే మంచిదని ఆమెకు అప్పటికి తెలుసు. మట్టి వేస్తుండగా దుప్పటి గురించి కాదు, ఇక వినబడని పిన్ని దగ్గు గురించి ఏడ్చింది.

ఆ ఏడాది ఆమె తొమ్మిది కోసింది. వాటిలో రెండు అనుకున్నట్టు రాలేదు. ఆ రెండూ పెళ్ళిళ్ళకే వెళ్ళాయి. వాటి కింద నిద్రపోతున్నవాళ్ళకు బాగానే వెచ్చగా ఉందట.