మేకలకు పడిన శిక్ష

నిన్న విశాఖలో మొక్కల దుకాణం ముందు ఎరువు సంచి విప్పారు. మేక పెంటికల వాసన గుప్పుమనగానే అరకు దగ్గర మా అమ్మమ్మ పెరడు కళ్లముందుకొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్లు. అంతకుముందు ఏడాది మా మేకలు కంచె దూరి చిక్కుడు పాదులన్నీ మేసేశాయి. ఈసారి చలి పూర్తిగా పోకముందే, విత్తనాలకు మడి సిద్ధం చేస్తూ అమ్మమ్మ ఆ మేకలనే తెచ్చి రాత్రిళ్లు వట్టి మడిలో కట్టేయసాగింది. రోజుకో చోట గుంజలు పాతేది. దొంగలను జైల్లో పెట్టిందనుకున్నాను. తీర్పు నాకు నచ్చింది. పొద్దుగూకే వేళకు కర్ర పట్టుకుని కంచె దగ్గర కాపలా కూర్చునేదాన్ని.

"సలిలో ఏటి సేత్తన్నావే గుంటా? బేగి లోపలికి రా," అంది అమ్మమ్మ ఒక సాయంత్రం.

"నల్లమేకని రేపు కూడా కట్టాలి. అదే ఎక్కువ తినేసింది."

అమ్మమ్మ నవ్వలేదు. "సరే, దాన్ని ఏ కాడ కట్టమంటావో సెప్పు," అంది.

రాళ్లు తేలిన మూల చూపించాను. నల్లమేకను వరసగా కొన్ని రాత్రులు అక్కడే కట్టింది. తొలి వాన పడగానే మట్టి తవ్వి గింజలు వేశాం. ఆ ఏడు చిక్కుడు అన్నిటికంటే విరివిగా కాసింది ఆ మూలలోనే. నల్లమేకకు బుద్ధొచ్చిందని ఊరంతా చెప్పాను.

మడిలో మేకల్ని కట్టేది ఎరువు కోసమని పెద్దయ్యాక తెలిసింది. అయినా నా తీర్పు మార్చుకోలేదు. తిన్నదంతా తిన్న చోటే తిరిగిచ్చే దొంగలను నేను మరెక్కడా చూడలేదు.