ఒంటిచేత్తో విప్పే గౌను

మన టైలరమ్మ సాధించిన పెద్ద ఘనకార్యం ఒక ముడిని ఓడించడం. ఆషామాషీ ముడి కాదది. అంటువ్యాధుల ఆసుపత్రిలో నర్సులు వేసుకునే గౌనుకు మెడ వెనకాల ఉండే ముడి. దాన్ని తీసి అవతల పారెయ్యడానికి పదకొండు నెలలు పట్టింది. ఏడు గౌన్లు చెత్తబుట్టలోకి పోయాయి. ఎనిమిదోది నిలబడింది.

అంతకుముందు ఆవిడ ఊరికే కూర్చుందనుకునేరు! పదమూడో ఏటే మిషను తొక్కింది, కాళ్ళు అందక కుర్చీ అంచున వేలాడుతూ. పదిహేడో ఏట మూడొందల నలభై మంది పిల్లలకి స్కూలు బట్టలు ఇరవై రోజుల్లో కుట్టి ఇస్తే ఒక్క కాలరు కూడా తిరిగి రాలేదు. లాయర్ల నల్లకోట్లు, బ్యాండు వాళ్ళ ఎర్రకోట్లు, ఒకసారి సర్కసులో పొట్టివాడికీ పొడుగువాడికీ ఒకే తానులోంచి జత సూట్లు, అన్నీ ఆ చేతుల మీదుగా వెళ్ళినవే. చదువంటారా, ఏడో తరగతి. అయినా పెద్ద చదువులు చదివిన పరిశోధన డాక్టరమ్మ ఎండలో పడి వెతుక్కుంటూ ఆ కొట్టుకే వచ్చింది. చిన్న విషయమా ఇది?

వచ్చి, బల్ల మీద నీలం గౌను ఒకటి పరిచింది. "వేసుకోవడం సంగతి వదిలెయ్యండమ్మా. దీన్ని విప్పి చూపించండి."

టైలరమ్మ వేసుకుని, రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టి, ముడి కోసం తడిమి, తల వంచి, జుట్టు చెరిపేసుకుని, ముఖం మీదుగా గౌను లాక్కుంది.

"ఇప్పుడు లెక్కేసుకోండి," అంది డాక్టరమ్మ. "గౌను బయటివైపంతా రోగి తాలూకు తడి ఉందనుకుంటే, మీ మెడకి, చెవికి, చెంపకి అంటినట్టే. మా నర్సులకి జబ్బు పట్టుకునేది రోగి దగ్గర కాదు. బయటికొచ్చి, అమ్మయ్య అనుకుని గౌను విప్పేటప్పుడు."

"దీన్ని కుట్టినవాడు ఎప్పుడైనా విప్పి చూశాడా?"

"చూడలేదు కాబట్టే మీ దగ్గరికొచ్చాను. వేసుకునేవాళ్ళని అడిగి, వాళ్ళు పనిచేస్తుంటే చూసి, వాళ్ళకి తగ్గట్టు తయారుచెయ్యాలి. అదే మా పరిశోధన."

"అది పరిశోధనేమిటి డాక్టరమ్మా, మా వృత్తే అది!"

డాక్టరమ్మ నవ్వింది గానీ, పరీక్ష మాత్రం నవ్వులాట కాదు. గౌనుకు ఒక తెల్లపొడి పూసేవారు. విప్పాక దీపాలన్నీ ఆర్పి నీలం బల్బు వేసేవారు. ఒంటి మీద పొడి ఎక్కడ అంటితే అక్కడ పచ్చగా మెరిసేది. మొదటి గౌనుకు నర్సుల మెడలన్నీ మిణుగురులు వాలినట్టున్నాయి. నాలుగోదానికి చెవుల దగ్గర రెండు చుక్కలు. ఎనిమిదోదానికి మెడ పక్కన, కుడివైపు, వేలెడంత బట్టనాలుక పెట్టింది. దాన్ని ఒక్క లాగు లాగితే మెడపట్టీ దానంతటదే ఊడి, గౌను బయటివైపు లోపలికి చుట్టుకుంటూ జారిపోతుంది. ఎనిమిది మంది నర్సులు విప్పారు. నీలం బల్బు కింద ఒక్క చుక్క కనిపిస్తే ఒట్టు.

ఇక అసలు వార్డులో చూడాలన్నారు. జూలై ఏడు, సోమవారం. రోగుల గది దాటగానే గౌన్లు విప్పే చిన్న గది ఉంటుంది. అందులో నేల మీద పసుపు గీత. గీతకి ఇవతల డాక్టరమ్మ, టైలరమ్మ. అవతలికి, రెండు గంటలు రోగుల మధ్య తిరిగి, చెమటతో తడిసి ముద్దయి వచ్చి నిలబడింది పెద్ద నర్సు. భారీ మనిషి, నోరూ అంతే భారీ.

"చూసుకోండర్రా సినిమా," అంటూ బట్టనాలుక అందుకుంది. ఎడమచేత్తో!

కుడివైపున్న నాలుకని ఎడమచేత్తో గొంతు మీదుగా లాగితే పట్టీ ఊడలేదు, మెలిపడింది. రెండోసారి లాగింది. బట్ట గొంతుకి బిగిసి నర్సు ముఖం ఎర్రబడింది. "ఇరుక్కుపోయానే!"

ట్రయల్ వేసుకున్న మనిషికి మెడ దగ్గర బట్ట పట్టేస్తే టైలరు చెయ్యి ఆగుతుందా? ముప్ఫై ఏళ్ళ అలవాటు. గీత దాటడం, రెండు వేళ్ళు కాలరు కిందికి పోనిచ్చి పట్టీ తప్పించడం, రెప్పపాటులో అయిపోయాయి. ఉత్త చేతులతో.

డాక్టరమ్మ మెల్లగా, "కదలొద్దు. చేతులు ముఖానికి తాకించొద్దు," అంది.

అలా ఆవిడ అక్కడే ఒక విడిగదిలో లోపల పడింది. ఇరవై ఒక్క రోజులు. ఆ వార్డు రోగులకున్న జ్వరం ఒంట్లో దూరితే, లక్షణాలు బయటపడడానికి అంత గడువు పడుతుందట. ఇంటికి వెళ్ళేది జూలై ఇరవై ఎనిమిదిన.

గది పొడుగు పదకొండడుగుల నాలుగంగుళాలు, వెడల్పు తొమ్మిదడుగులు. ఆవిడే కొలిచింది. కత్తెరా సూదులూ తీసేసుకుని టేపు మాత్రం వదిలేశారు. మంచం, ఇనపకుర్చీ, బిగించేసిన కిటికీ. కిటికీ అవతల ఇంకో గోడ. మూడో రోజుకి మంచం కోడు చుట్టుకొలత కూడా తెలిసిపోయింది. ఐదో రోజుకి కొలవడానికేమీ మిగల్లేదు. తలుపుకి ఇవతల గొళ్ళెం లేదు, పిడి లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అవి ఎవరివో అనిపించేవి.

రోజూ ఫోనులో మొగుడు. బస్సు కండక్టరు కదా, గొంతు ఎక్కువ. "కుక్కరు ఎన్ని కూతలు కూయాలే?"

"నాలుగు."

"ఆరు కూసింది."

"అయితే స్పూనుతో తాగండి."

వెంటనే ఆరేళ్ళ కూతురు ఫోను లాక్కునేది. "అమ్మా, నిన్ను ఎవరు లోపల పెట్టారు?"

"నేనే పెట్టుకున్నానమ్మా."

"అయితే నువ్వే బయటికి తీసుకో!"

ఫోను పెట్టేసి చాలాసేపు తలుపు వంకే చూసింది.

తలుపుకి ఒక అద్దం ఉంది. అద్దం అవతల గౌన్లు విప్పే గదే. తిండి తెచ్చేదీ, పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ జ్వరం చూసేదీ పెద్ద నర్సే. ఆవిడ ఈ గదిలోంచి వెళ్ళి, అద్దం అవతల నిలబడి, రోజుకి మూడుసార్లు ఆ గౌనే విప్పేది. పుట్టుకతో వచ్చిన ఎడమచేతి వాటాన్ని అణుచుకుని, కుడిచేత్తో, తంటాలు పడుతూ. అలసిపోయిన రోజున మళ్ళీ ఎడమచెయ్యే లేచేది. ఇవతల టైలరమ్మ వేళ్ళు అద్దానికి అంటుకుపోయేవి.

"అందరి మెడలూ కొలిచాను అక్కా," అంది ఒకరోజు. "చంకలు కొలిచాను. ఏ చెయ్యి వాటమని ఒక్కరిని కూడా అడగలేదు. ఆ ఎనిమిది మందీ కుడిచేతివాళ్ళే."

"అడిగితే నేను చెప్పేదాన్ని కాదులే. మా అమ్మ ఈ చెయ్యి మీద వాత పెట్టింది చిన్నప్పుడు. అప్పట్నించీ ఎవరికీ చెప్పుకోను."

"చేత్తో పని చేసుకునేవాళ్ళకి చెయ్యి దాచుకోవడమేమిటక్కా!"

"నువ్వేమో చాపావు. ఏమైందో చూడు."

ఇద్దరూ నవ్వారు, ఒకరు గాగుల్స్ వెనకాల, ఒకరు మంచం మీద. ఆ నవ్వులోంచే పుట్టింది తొమ్మిదో గౌను. నాలుక కుడివైపు కాదు, ఎడమవైపూ కాదు, సరిగ్గా గొంతు గుంట కింద, నడిమధ్యన. ఏ చెయ్యైనా అందుకోవచ్చు. కొట్టులో అమ్మాయిలకి ఫోనులోనే చెప్పి కత్తిరింపు మొదలుపెట్టించింది. గదిలో బందీగా ఉండి గౌను కుట్టించినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి! కాకపోతే మొదటి నమూనాలో నాలుక ముఖం ముందుండే ప్లాస్టిక్ తొడుగు కింద చిక్కుకుంటోందట. ఇంకో అంగుళం దించాలి. ఆ అంగుళం కుదిరేదాకా నర్సు పాత ఎనిమిదో గౌనే వేసుకుంటోంది.

జూలై ఇరవై నాలుగు, గురువారం. ఇంకా నాలుగు రోజులుంది. మధ్యాహ్నం మూడింటికి చేతిలో టేపు చల్లగా తగిలింది. టేపు ఎందుకు చల్లబడుతుంది? చెయ్యి కాలుతోంది కాబట్టి.

రూలు ఆవిడకి మొదటిరోజే చెప్పారు. జ్వరం వస్తే అనుమానితుల వార్డుకి మార్చాలి. అక్కడ పక్క మంచాల మీద ఎవరికి ఏముందో తెలియదు. పరీక్షలో ఏమీ లేదని తేలినా, ఆ వార్డులో పడుకున్నందుకు, అక్కడినుంచి బయటపడ్డ రోజు మొదలు మళ్ళీ ఇరవై ఒక్క రోజులు.

సంచి అడుగున జ్వరం బిళ్ళలున్నాయి. తలనొప్పికని ఎప్పుడూ పెట్టుకునేవే, ఎవరూ తియ్యలేదు. ఒకటి వేసుకుంటే ఆరు గంటలకి ఒళ్ళు చల్లగా ఉంటుంది. ఇంకో మూడు రోజులు అలాగే నెట్టుకొస్తే సోమవారం కుక్కరు తనే దించుకోవచ్చు. రేకు చింపి బిళ్ళ అరచేతిలో పెట్టుకుంది. ఇది ఫ్యాను గాలికొచ్చిన పడిశమే అయ్యుంటుంది. నూటికి తొంభై పాళ్ళు అదే. ఇంటికెళ్ళి దూరంగా ఉంటే సరి. ఎంత దూరం? ఇల్లు రెండు గదులు. పిల్ల వచ్చి మీద పడుతుంది. మీద పడొద్దని చెప్పడానికి నోరొస్తుందా? నీళ్ళ గ్లాసు రెండుసార్లు ఎత్తింది, రెండుసార్లు దించింది. బిళ్ళ చెమటకి మెత్తబడి అరచేతికి అంటుకుంది.

ఆరయింది. అద్దం అవతల నర్సు పాత గౌను తొడుక్కుని, మెడ దగ్గర నాలుక సర్దుకుంటోంది. ఎడమచేత్తో.

టైలరమ్మ లేచి వెళ్ళి అద్దం మీద గట్టిగా తట్టింది. "అక్కా, లోపలికి రాకు. నాకు ఒళ్ళు కాలుతోంది."

నర్సు అక్కడే ఆగిపోయింది. "ఎప్పట్నించి?"

"మూడింటినించి."

"బిళ్ళ ఏమైనా మింగావా?"

"లేదు. ఇదిగో." అరచెయ్యి అద్దానికి ఆనించి చూపించింది.

నర్సు అద్దం దగ్గరికి వంగి ఆ తెల్లటి ముద్దని చూసింది. "పిచ్చిదానా. అది మింగి ఊరుకుంటే సోమవారానికి ఇంట్లో ఉండేదానివి కదే."

"ఉండేదాన్నే. నువ్వు మాత్రం నాకు జ్వరమని తెలియక, రోజూ ఈ గదికొచ్చి వెళ్ళి, ఆ గౌను ఆ చేత్తోనే విప్పుకునేదానివి."

నర్సు డాక్టరమ్మకి ఫోను చెయ్యడానికి వెళ్ళింది.

మూడొందల నలభై స్కూలు బట్టల సంగతి అందరికీ తెలుసు. ఎనిమిదో గౌను గురించి డాక్టరమ్మ పెద్ద సభలో చెబుతుందట. ఆ సాయంత్రం సంగతి మాత్రం ఏ సభలోనూ ఎవరూ చెప్పరు. అందుకని ఇక్కడ రాసిపెట్టడం.

అనుమానితుల వార్డులో ఐదు మంచాలు, మధ్యన ప్లాస్టిక్ తెరలు. పక్క తెర వెనక ఎవరో నాలుగు రోజులూ దగ్గుతూనే ఉన్నారు. ఆ మనిషి ముఖం ఆవిడ చూడలేదు. ఫోను కూడా పక్కన పెట్టించారు. శుక్రవారం రక్తం తీశారు. ఏమీ లేదన్నారు. ఆదివారం మళ్ళీ తీశారు. సోమవారం పొద్దున, ఇంటికి వెళ్ళాల్సిన ఆ సోమవారం పొద్దునే, డాక్టరమ్మ కాగితం పట్టుకొచ్చింది. ఉత్త పడిశం. ఆ జ్వరం కాదు. టైలరమ్మని మళ్ళీ ఆ పదకొండడుగుల గదికి తీసుకొచ్చారు. టేపు మంచం మీదే ఉంది. తలుపు అవతలినుంచి మూసుకుంది.

మొగుడికి ఫోను చేసి చెప్పింది. అవతల బస్సు హారన్లు మోగుతున్నాయి. "సర్లే," అన్నాడు. అంత గొంతున్న మనిషి, చాలా చిన్నగా. "పిల్ల అడుగుతుంది. ఎప్పుడని చెప్పను?"

"ఆగస్టు పద్దెనిమిది. సోమవారం."