పొట్టి చేతుల కుర్రాడికి మనోజ్ఞ ఇచ్చిన మార్కులు

మనోజ్ఞ సినిమాలు చూడదు. ఆటలు చూస్తుంది, అదీ ఆపి ఆపి, వెనక్కి తిప్పి తిప్పి. ఉద్యోగమూ అలాంటిదే. స్టుట్‌గార్ట్ దగ్గర కారు సీట్లు చేసే ఒక కంపెనీలో, కార్లను గోడకు గుద్దించి తీసిన వీడియోలు ఫ్రేము ఫ్రేముగా చూసి, లోపల కూర్చోబెట్టిన బొమ్మ మనిషి మెడ ఏ క్షణంలో వాలిందో చెప్పాలి. రోజంతా అది చూసి, ఇంటికొచ్చి మళ్ళీ వీడియో పెట్టుకునే మనిషిని కట్టుకున్న సందీప్ ఓపికకు దండం పెట్టాలి.

ఆమెది సూర్యాపేట. ఒకప్పుడు యూనివర్సిటీ కబడ్డీ జట్టులో రైడర్. కూతకు వెళ్తే ఉత్త చేతులతో తిరిగి రాదని పేరు. ఇరవయ్యో ఏట మోకాలి లిగమెంటు తెగింది, ఆట అక్కడితో సరి. ఆ సంగతి ఆమె ఎవరితోనూ చెప్పుకోదు. జర్మనీలో అడిగేవాళ్ళూ లేరు. ఇక్కడ ఆమె మీటింగుల్లో పెద్దగా మాట్లాడని ఇంజనీరు, ఈషా వాళ్ళమ్మ, అంతే. ఆటలో తనకు ఏదో తెలుసునని ఇంకొకరు ఒప్పుకుని పదమూడేళ్ళయింది. అది ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

సిండెల్‌ఫింగెన్‌లో వాళ్ళ ఇంటి వెనకే అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం ఉంది. మూడేళ్ళ కిందట ఈషాను ఆడించడానికి తీసుకువెళ్ళి, హెల్మెట్లు పెట్టుకున్న భారీకాయులు ఢీకొంటుంటే చూసింది. బంతి విసిరేవాడు ఒకడు, వాడికి కాపలాగా గోడలా ఐదుగురు. ఎదుటి జట్టులో ఒకడి పనల్లా ఆ గోడను దాటుకుని, బంతి చెయ్యి దాటేలోగా వాడిని కూలదొయ్యడం. ఆ పని చేసేవాడిని పాస్ రషర్ అంటారని పక్కనున్నావిడ చెప్పింది. మనోజ్ఞ నోరెళ్ళబెట్టింది. ఇది రైడు కాకపోతే మరేమిటి?

ఆ రోజు నుంచి ఆమె క్లబ్బు మనిషయిపోయింది. కాకపోతే క్లబ్బులో ఆమెకు దొరికింది కేకుల స్టాలు. మ్యాచ్ రోజుల్లో అమ్మలందరూ కేకులు చేసి అమ్ముతారు. ఈవిడ రవ్వ కేకుకు మంచి గిరాకీ. రెండేళ్ళు నవ్వు మొహంతో కేకులు కోసింది.

క్లబ్బులో టోబియాస్ అని ఒక లెక్కల మాస్టారు ఉన్నాడు. అమెరికాలో కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్ళను అక్కడి పెద్ద జట్లు ఏటా ఏప్రిల్‌లో, మేలైనవాళ్ళతో మొదలుపెట్టి, ఏడు రౌండ్లుగా ఏరుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఎవరు ఏ రౌండులో పోతారో ముందే అంచనా కట్టి టోబియాస్ ఒక చిన్న పుస్తకం వేస్తాడు. అందులో రాయడమంటే ఆ క్లబ్బులో కిరీటం పెట్టుకున్నట్టే. మనోజ్ఞ ధైర్యం చేసి అడిగింది. అతను మొహమాటపడి, నలభై మంది పాస్ రషర్ల జాబితాలో అట్టడుగున ఉన్న కేలబ్ రస్కిన్ అనే కుర్రాడిని ఆమెకు అప్పగించాడు.

"ఇతన్ని ఎవరూ తీసుకోరు. చేతులు పొట్టి, మొదటి అడుగు నిదానం," అన్నాడు జర్మన్‌లో. "మీ అంచనా నిలబడితే వచ్చే ఏడు కూడా రాయండి. లేదంటే కేకులు ఎలాగూ ఉన్నాయి."

కేకుల మాట ఆమె మనసులో పెట్టుకుంది.

పదకొండు మ్యాచ్‌లు, మూడు వందల సార్లు ఆ తొంభైనాలుగో నంబర్ చొక్కా కుర్రాడు గోడ మీదికి దూకడం చూసింది. స్టాప్‌వాచ్ పట్టుకోలేదు. బంతి కదలగానే నోట్లో కూత అందుకునేది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. ఆరో కబడ్డీకి బంతి గాల్లోకి లేస్తుంది. మిగతా రషర్లు మూడోదానికి కాపలావాళ్ళ చేతికి దొరికిపోతే ఇక అక్కడే చల్లబడతారు. కేలబ్ కూడా మూడోదానికి దొరికిపోతాడు. అయితే ఐదోదానికి బయట ఉంటాడు. ఎలా ఉంటాడో తేల్చడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది.

"మళ్ళీ మొదలెట్టావా? పిల్ల నిద్రలో కూడా కబడ్డీ అంటోంది," అన్నాడు సందీప్. అతనిది తెనాలి.

"జర ఇటు రా. గా కాపలాయన నడుము చూడు," అంది మనోజ్ఞ. "పట్టు దొరికిందనంగనే నిటారుగ లేస్తడు. ఈ పిల్లగాడు గప్పటిదాంక ఆగి భుజం కిందికెల్లి దూరుతుండు. పదకొండు సార్లు కూలగొట్టిండు, తొమ్మిది సార్లు గిట్లనే. దొరకడం చేతగాక కాదు, కావాల్ననే దొరుకుతుండు. నేను గూడ గట్లనే చేస్తుంటి."

సందీప్ వీడియో చూడటం మానేసి భార్య మొహం చూశాడు. తాను ఆడిన ఆట గురించి ఆమె నోటి నుంచి అతను విన్నది అదే మొదటిసారి.

నివేదికలో నాలుగో రౌండు అని రాసింది. పంపే ముందు భయం పట్టుకుంది. అట్టడుగు మనిషిని అంత పైకి ఎత్తితే నవ్వుతారేమో. నాలుగు కొట్టేసి ఐదు చేసింది. ఐదుకే నవ్వారనుకోండి, అది వేరే సంగతి. టోబియాస్ ఏమనుకున్నాడో, ఒక్క అక్షరం మార్చకుండా కింద ఆమె పేరుతో అచ్చు వేశాడు.

డ్రాఫ్ట్ ఆఖరి రోజు శనివారం. అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ సాయంత్రం ఆరు. క్లబ్బులో టీవీ పెట్టారు. నాలుగో రౌండు నడుస్తోంది. తన కుర్రాడి వంతు ఇంకా రాలేదు కదా అని మనోజ్ఞ ఎండలో టోబియాస్ సాసేజ్‌లు కాలుస్తున్న చోట నిలబడి, తినకుండా ప్లేటు పట్టుకుంది. ఇంతలో లోపల గోల లేచింది. ఈషా పరుగెత్తుకొచ్చి, "అమ్మా, నీ తొంభైనాలుగు నంబర్ టీవీలో," అని జర్మన్‌లో చెప్పింది.

కేలబ్ రస్కిన్. నాలుగో రౌండు. తెర మీద ఆ కుర్రాడు వాళ్ళమ్మను ఎత్తుకుని తిప్పుతున్నాడు. వ్యాఖ్యాత పొట్టి చేతుల గురించే మాట్లాడుతున్నాడు. క్లబ్బు జనమంతా మనోజ్ఞ వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు.

టోబియాస్ చేతిలో పట్టకారుతోనే లోపలికి వచ్చాడు. "మీ అంచనా తప్పింది. ఐదు అన్నారు."

"నాలుగే రాశాను. మీరు నవ్వుతారని మార్చాను," అని ఉన్నమాట చెప్పేసింది.

"వచ్చే ఏడు నలభై మందీ మీవాళ్ళే," అన్నాడతను. "నా కోసం మార్చకండి."

మనోజ్ఞకు కళ్ళు నిండాయి. సంతోషమే, దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఈషా తల్లి చెయ్యి లాగి, ఈసారి తెలుగులో అడిగింది.

"అమ్మా, టీవీలో ఆయనకు నువ్వు తెలుసా?"

"తెల్వదు బిడ్డా," అంది మనోజ్ఞ. "ఈడున్నోళ్ళకు తెలిసింది, సాలు."