అత్త గంపలో నూరు క్యాండిళ్ల బల్బు

మొన్న ఖమ్మంలో ఓ కరెంటు సామాన్ల దుకాణంలో నూరు క్యాండిళ్ల పాత బల్బు, అదే నూరు వాట్లది, ఉందా అని అడిగితే, దుకాణాయన నన్ను ఎగాదిగా చూశాడు. "గవి ఇప్పుడు ఎవలు వాడుతున్నరు సార్? కరెంటు బిల్లు పేలిపోతది" అన్నాడు. మా మేనత్త వాడుతుంది అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. పై అరలన్నీ వెతికించి, దొరికిన రెండూ కొన్నాకే అక్కడినుంచి కదిలాను.

మా ఊరు కారేపల్లి దాటాక అడవి అంచున ఉంటుంది. ఊరి చివరి ఇల్లు అత్తది. మామ పోయినప్పుడు మా ఇంట్లో ఉండమని నాన్న ఎంత బతిమాలినా రాలేదు. వదిన వండితే తిని, అన్న తెస్తే కట్టుకునే బతుకు తనకొద్దంది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లల్ని కొనుక్కొచ్చి, పెంచి అమ్మడం మొదలుపెట్టింది. తల్లికోడి లేని పిల్లలకు వెచ్చదనం ఎక్కడిది? అందుకే వెదురు గంప బోర్లించి, లోపల నూరు క్యాండిళ్ల బల్బు వేలాడదీసేది. చలికాలం సాయంత్రాలు గంప సందుల్లోంచి పసుపు వెలుగు నేలమీద చారలుగా పడేది. దగ్గరికెళ్తే వెచ్చటి ఊక వాసన. సెలవుకెళ్లి చేతులు కాచుకోబోతే, ఇంత ఎత్తు మనిషినని కూడా చూడకుండా "నా పిల్లల వేడి నువ్వు తింటవారా" అని తరిమేది.

తర్వాత ఊరికి ఎల్‌ఈడీలు వచ్చాయి. నాన్న అప్పుడు వార్డు మెంబరు. లో వోల్టేజీలో పాత బల్బు మూలుగుతుంటే ఇది తెల్లగా వెలిగేది, బిల్లూ తగ్గింది. నిజమే, కాదనను. ఊరంతా మారిందని పంచాయతీ దగ్గర సభపెట్టి చెప్పాలని ఆయనకు మహా ఉబలాటం. మిగిలింది అత్త గంప ఒక్కటే. సభ రోజు పొద్దున ఆమె సంతకు పోయినప్పుడు ఆయనే గంపెత్తి బల్బు మార్చేసి, పాతది సభలో చూపించడానికి పట్టుకుపోయాడు. చెల్లెలికి మేలు చేశాననే అనుకున్నాడు. ఆమె వచ్చేసరికి పిల్లలన్నీ ఓ మూల ఒకదానిమీదొకటి ఎక్కి వణుకుతున్నాయి. అడుగున పడ్డవి కొన్ని అప్పటికే చచ్చాయి. మిగిలినవీ పోతే, ఆమె మూట సర్దుకుని మా ఇంటికి రావాల్సిందే.

అత్త ఏడవలేదు. బతికినవాటిని బుట్టలో వేసుకుని సభకు నడిచింది. కరెంటాఫీసు సారు మాట్లాడుతుండగానే, గంజిపెట్టిన తెల్లచొక్కాలో కూర్చున్న నాన్న ఒడిలోకి పిల్లల్ని వంచేసింది.

"అన్నా, నీ బల్బు వెలుగిస్తది, వేడియ్యది. నా బల్బు నా ఇంటికొచ్చేదాక నువ్వే పొదుగు."

"ఏందే ఇది, నలుగుట్ల" అని చుట్టూ ఉన్న జనాన్ని చూస్తూ గొణిగాడు నాన్న.

"అవ్, నలుగుట్లనే పొదుగు."

లేస్తే పిల్లలు పడిపోతాయి, కూర్చుంటే పరువు పోతుంది. చివరికి కండువా తీసి వాటిమీద కప్పి, రెండు చేతులూ అడ్డంపెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. చొక్కా సంగతి చెప్పనక్కర్లేదు. సెలవుకొచ్చి సభలోనే ఉన్న నేను, బల్లమీది పాత బల్బు తీసుకుని పరుగెత్తి గంపలో పెట్టి వచ్చేదాకా అత్త ఆయన ఎదురుగా నిలబడే ఉంది.

ఈనాటికీ ఆమె వాకిట్లో ఎల్‌ఈడీ, గంపలో పాత బల్బు. బిల్లు తనే కడుతుంది, తన ఇంట్లోనే ఉంటుంది. కాలంతోపాటు మారాలని నాకు పాఠాలు చెప్పేవాళ్లతో నేను తగువుపడను. మారతాం. కానీ మా అత్త కోడిపిల్లలకు ఈకలొచ్చేదాకా ఆ కాలమే కాసేపు వాకిట్లో నిలబడాలి.