పక్కింటాయనకు వన్స్ మోర్

మొన్న డబ్లిన్‌లో లువాస్ ట్రాము కోసం నిలబడితే, ఎదురుగా థియేటర్ పోస్టర్ మీద ఒకప్పటి మా పక్కింటాయన కనిపించాడు. కాస్త ఒళ్ళు చేశాడు గానీ ఆయనే. చూస్తూ రెండు ట్రాములు వదిలేశాను.

కరోనా వచ్చిన ఏడాది మా మామగారు మూడు నెలలుండి వెళ్దామని డబ్లిన్ దగ్గర నేస్‌లో మా ఇంటికి వచ్చి, విమానాలు ఆగిపోయి మాతోపాటు చిక్కుపడిపోయారు. ఒకప్పుడు తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. పక్కింటాయనదేమో టెనర్ గొంతు, అంటే మగవాళ్ళలో పైస్థాయి అందుకునే గొంతు. ఇరవై ఏళ్ళు ఆపెరాల్లో, మ్యూజికల్స్‌లో పాడుతూనే ఇల్లు నడిపాడు. థియేటర్లు మూతపడ్డాక క్లాండాల్కిన్‌లో ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దే పనికి కుదిరాడు. ఎలా ఉన్నారంటే "గ్రాండ్" అనేవాడు. ఇక్కడ కొంప మునిగినా గ్రాండే. అసలు సంగతి వాళ్ళావిడ గోడ మీదుగా నాకు చెప్పింది. నెలల తరబడి ఆయన నోరు విప్పి పాడలేదట, పైస్వరం పోయిందని బెంగట. ఆదివారం వీధివాళ్ళ కోసం గుమ్మంలో నిలబడి పాడతాడు, ఆ స్వరం పలక్కపోతే సోమవారం గోడౌన్‌లో పర్మనెంట్ ఉద్యోగానికి సంతకం పెట్టేసి పాటకు దణ్ణం పెట్టేస్తాడు అంది.

ఆదివారం మధ్యాహ్నం ఎవరి గుమ్మంలో వాళ్ళం కుర్చీలు వేసుకున్నాం. మామగారు మంకీ క్యాప్, శాలువాలతో ముందే తయారు. కథానాయకుడు ప్రాణం పోతూ పాడే పాట ఎత్తుకున్నాడాయన. చచ్చిపోయేవాడు అంతసేపు పాడటం మామగారికి వింతగా తోచలేదు, మన నాటకాల్లోనూ అంతేగా. తీరా పైస్వరం దగ్గర గొంతు చీలిపోయింది. ఆయన నవ్వబోయి, నవ్వలేక, తలుపు మీద చెయ్యి వేశాడు.

"వన్స్ మోర్!" అని మామగారు లేచి నిలబడ్డారు.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఊరుకోండి మామయ్యగారూ, అసలే బాధలో ఉన్నాడు" అని శాలువా పట్టుకు లాగాను.

"అందుకేనమ్మా. గొంతు జారినవాణ్ణి ఆ జారుడుతోనే లోపలికి పంపకూడదు. మేం ఎంతమందిని అలా నిలబెట్టామో" అని మళ్ళీ అరిచారు.

పక్కింటాయన అయోమయంగా నావైపు చూశాడు. మా నాటకాల్లో జనం వన్స్ మోర్ అంటే చచ్చినవాడు కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడని ఇంగ్లీషులో విడమర్చి చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. అన్ని నెలల్లో ఆ నవ్వు వినడం అదే మొదలు. తర్వాత మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, మొదటినుంచీ అందుకున్నాడు. ఈసారి పైస్వరం పలికింది, నిలిచింది. మామగారు కుర్చీ చేతిమీద తాళం వేస్తూ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను. సోమవారం ఆయన సంతకం పెట్టలేదు.

మామగారు పోయి రెండేళ్ళయింది. ఆ పోస్టర్ ఆయనకు చూపించలేకపోయానని మనసు పీకుతుంది. కాలం వెనక్కి రాదంటారు గానీ, ఆ ఆదివారం మా వీధిలో ఒక్క పాటంత సేపు వెనక్కి వచ్చి, రెండోసారి సరిగ్గా జరిగింది.