మొదటి తీగ లేకుండా పలికిన స్వరం

దెయ్యాన్ని చూశామన్న వాళ్లను ముప్పై ఏళ్లుగా సభల్లో నిలదీస్తున్నాను. ఎక్కడ, ఏ గంటకు, వెలుతురు ఉందా, పక్కన ఎవరున్నారు అని అడిగితే సగం దెయ్యాలు అక్కడే మాయమయ్యేవి. ఈ అనుభవం చదివి నన్ను ఎవరూ తమ పక్షంలో కలుపుకోవద్దు. నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నా బాధంతా అదే.

హుస్నాబాద్‌లో సైన్స్ టీచర్‌గా రిటైరయ్యాక గిటార్ పట్టుకున్నాను. నేర్పింది డానియేల్ అన్న. గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసినప్పుడు క్యాంపులో తోటి పనివాడి దగ్గర బ్లూస్ అనే అమెరికా నల్లవాళ్ల సంగీతం నేర్చుకుని వచ్చాడు. ఆదివారం మెథడిస్ట్ చర్చిలో కీర్తనలకు వాయించేవాడు. ఆరాధన అయ్యాక పక్కగదిలో నాకు పాఠం. నాస్తికుడు చర్చి మెట్లెక్కుతున్నాడని మా హేతువాద సంఘం మిత్రులు నవ్వేవారు. "అన్నా, బాప్తిస్మం ఎప్పుడో జర ముందుగాల చెప్పు, దండలు తెస్తం" అనేవారు.

బ్లూస్‌లో ఒక చుట్టుకు పన్నెండు బార్లు, అంటే తాళం గళ్లు; మూడు కార్డులు, అంటే కలిపి మీటే స్వరాల గుంపులు. స్కేల్, అంటే స్వరాల వరస, నాకు నెలలోనే వచ్చింది. వచ్చింది అంటే, మెట్లు ఎక్కడం, దిగడం. కింద కార్డు మారిపోతున్నా నా వేళ్లకు పట్టేది కాదు. ఆయన విసుక్కునేవాడు.

"పెండ్లి ఒక ఇంట్ల అయితాంది, నువ్వు పక్కింట్ల కూసొని తింటున్నవ్ సైన్స్ సారూ. కార్డు డి సెవెన్‌కు పోయింది గద, గా కార్డుల ఉన్న స్వరాలు ఒక్కొక్కటి పట్టు. గదే ఆర్పెజియో. ముందు నోటితోని చెప్పు, తర్వాత వేలుతోని చెప్పు."

ప్రతి స్వరం పేరు పైకి అని, ఆ తర్వాతే తీగ మీటాలి. ఆయన పద్ధతి అది. డి, ఎఫ్ షార్ప్, ఏ, సి. నోరు సరిగానే చెప్పేది. వేలు మళ్లీ మెట్లెక్కేది.

అంతలో ఆయన గుండెపోటుతో పోయాడు. చనిపోయిన తమ్ముడి ఏడాది జ్ఞాపకార్థ కూడికలో వాయించాలని అప్పటికి ఒక సోలో, అంటే ఒంటరి వాయింపు, కట్టడం మొదలుపెట్టి నాకూ నేర్పుతున్నాడు. తమ్ముడి కోసం అనుకున్నది చివరికి ఆయన కోసమే అయింది. సోలో డి సెవెన్ దగ్గర ఆగిపోయింది. మిగతాది పూర్తి చేసి ఆయన ఏడాది కూడికలో వాయిస్తానని ఆయన భార్య గ్రేసమ్మ వదినకు మాట ఇచ్చాను. నెలల తరబడి ఆ నాలుగు స్వరాల దగ్గరే తల బాదుకున్నాను.

కూడికకు వారం ముందు, ఉదయం పది గంటలు. మా ఇంట్లో నేనొక్కడినే. శ్రుతి చేస్తుంటే ఆరింటిలో అన్నిటికన్నా సన్నదైన మొదటి తీగ తెగింది. కొత్తది కావాలంటే కరీంనగర్ పోవాలి. చిరాకుతో మిగిలిన అయిదు తీగల మీదే సాధన మొదలుపెట్టాను. కార్డుల వాయింపు పాత ఫోన్ నుంచి ఇయర్‌ఫోన్‌లో వింటున్నాను. కొత్త ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డు చేస్తున్నాను.

డి సెవెన్ వచ్చింది. డి, ఎఫ్ షార్ప్ రెండో తీగ మీద, గిటార్ మెడ మీది పై మెట్ల దగ్గర పలికించాను. ఏ, సి మొదటి తీగవి. తీగ లేదు కాబట్టి అలవాటుగా పేర్లు మాత్రం అని, చెయ్యి ఎత్తి ఊరుకున్నాను.

తర్వాత రికార్డింగ్ విన్నాను. నా గొంతు "ఏ" అంది. నిశ్శబ్దం. నా గొంతు "సి" అంది. స్వరం పలికింది. సన్నగా, చివర కాస్త పైకి వంగి.

ఆ సి నా గిటార్‌లో మొదటి తీగ ఇరవయ్యో మెట్టు మీద తప్ప మరెక్కడా దొరకదు. రెండో తీగ అంత ఎత్తుకు చేరదు. లావు తీగను ఊరికే తాకితే వచ్చే గంటలాంటి ధ్వనేమోనని ప్రయత్నించాను. అది నా చేతిలో అలా వంగదు. పాత ఫోన్‌లోని వాయింపు మొత్తం విన్నాను. అందులో కార్డులు తప్ప ఆ స్వరం లేదు. పక్కింట్లో గిటార్ లేదు. అదే బల్ల, అదే గంట, అవే అయిదు తీగలు, అయిదు రోజులు మళ్లీ రికార్డు చేశాను. సి దగ్గర నిశ్శబ్దమే.

గ్రేసమ్మ వదినకు వినిపించడం నా పొరపాటు. ఒక్కసారే వింది.

"గిది ఆయననే సారూ. గట్లనే వంచుతుండె."

"ఆయన కాదు వదినా. ఏదో కారణం ఉంటది, నాకు దొరుకుతలేదు."

"కారణం లేకుంట ఏదీ కాదని మీటింగులల్ల మీరే చెప్తరు గద. నేను కారణం చెప్పిన. మీరు చెప్పుండ్రి."

జీవితంలో ఎన్నో వాదనలు గెలిచాను. ఆ వంటింట్లో, ఉల్లిగడ్డలు కోస్తున్న మనిషి ముందు ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాను. కూడికలో ఆ స్వరాన్ని అట్లనే వాయించమని అడిగింది.

కూడికకు కొత్త తీగ వేశాను. డి సెవెన్ వచ్చింది. ఆశ్చర్యం, ఆ రోజు వేళ్లు మెట్లెక్కలేదు. డి, ఎఫ్ షార్ప్, ఏ వరసగా కార్డులోనే పడ్డాయి. ఆ సి ఉన్న ఇరవయ్యో మెట్టు వేలికి అందేంత దూరంలోనే ఉంది. నేను కిందికి దిగి, కింది స్థాయిలోని సి మీద, వంచకుండా ముగించాను. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేని మాటను ఏ సభలోనూ నాదిగా చెప్పలేదు. స్వరాన్ని మాత్రం ఎలా చెప్తాను?

ప్రార్థన అయ్యాక వదిన దగ్గరికి వచ్చింది. "మంచిగ వాయించిన్రు సారూ. గని ఆయనను మాత్రం లోపలికి రానియ్యలే" అని, చాయ్ కప్పు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

రికార్డింగ్ ఇప్పటికీ ఉంది. తెలిసినవాళ్లకు వినిపించాను. ఎవరూ నేను కొట్టిపారేయలేని కారణం చెప్పలేదు. నమ్మేవాళ్లకు ఒక జవాబుంది, రాత్రి నిద్రపోతారు. "నాకు తెలియదు" అనడం వివేకమని ఇన్నేళ్లు ఇతరులకు బోధించాను. ఆ మాట నా నోటి నుంచి ఇప్పటికీ కోపంగానే వస్తోంది. నాకు తెలియదు.