తర్వాత నీ ఇష్టం

బేకరీలో కేకుల మీద పేర్లు రాసే ఆమెను అందరూ కేకులక్క అంటారు. క్రీము కోన్ చేతపట్టిందంటే అక్షరాలు ముత్యాలే. ఒక్కో పేరు పూర్తికాగానే వేలికంటిన క్రీము నోట్లోకి పోయేది. అలా రోజుకు పాతిక పేర్లు తినేది. షుగర్ కళ్ళదాకా వచ్చిందనీ, ఇకనైనా నోరు కట్టుకోకపోతే చూపు దక్కదనీ డాక్టరు చెప్పాక కూడా ఆ వేలు మాట వినలేదు. అత్తగారు మాత్రం తినొద్దని పోరు పెట్టలేదు. ఉడికించిన శనగలు, క్యారెట్, బీన్స్, ఒక గుడ్డు, పైన మిరియాల పొడీ నిమ్మరసమూ వేసి, రోజూ డబ్బా కట్టివ్వడం మొదలుపెట్టింది. "ముందు ఇది తినవే తల్లీ. తర్వాత నీ ఇష్టం." కడుపు నిండాక వేలు తనంతట తనే తడిగుడ్డ వైపు వెళ్ళేది.

మొన్న అత్తగారు జ్వరంతో మంచం దిగలేదు. డబ్బా లేదు. ఆకలికి ఆగలేక కేకులక్క మధ్యాహ్నం క్రీము గిన్నె అంచంతా నాకేసింది. సాయంత్రానికి కళ్ళు మసకబారి, కేకు మీద "పుటినరోజు" అని రాసింది.

"అక్కా, ఒత్తు కూడా తినేశావా?" అని క్యాషియరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఇంటికెళ్ళి తనే శనగలు నానబెట్టింది.

మర్నాడు పొద్దున డబ్బా సర్దుకుని, అత్తగారికీ ఒక గిన్నెలో మెత్తగా మెదిపి తెచ్చింది.

"నోరంతా చేదుగా ఉందే. ఓ క్రీము బిస్కెట్టు ఉంటే పడెయ్," అంది అత్తగారు.

కేకులక్క గిన్నె చేతిలో పెట్టింది.

"ముందు ఇది తినండత్తయ్యా. తర్వాత మీ ఇష్టం."